అత్తగారి ముక్కు మీది పుండు

పెద్దావిడకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. లెక్కల టీచరుగా రిటైరయ్యాక కూడా ఎదుటివాళ్ల తప్పులు దిద్దకపోతే ఆమెకు పొద్దు గడవదు. అలాంటి మనిషి ముక్కు మీద, కొసకు కాస్త పైన, ఓ కురుపు లేచింది. మొదట దోమకాటన్నారు. తర్వాత వేడి చేసిందన్నారు. అది మానదు, ఎండదు, అలాగని నొప్పీ పెట్టదు. మెల్లగా గుంటపడి, చుట్టూ గట్టు కట్టి, నడుమ పక్కు కట్టుకుని కూర్చుంది. "ఇన్నేళ్ల కోపం, ఎక్కడో ఒకచోట పగలాలిగా" అని ఆవిడే నవ్వేది. కొడుక్కీ కోడలికీ మాత్రం నవ్వొచ్చేది కాదు.

రాదు మరి. ఇద్దరూ చర్మం డాక్టర్లాయె. ఇద్దరూ ఒకే ల్యాబులో, ఒకే పరిశోధన మీద పడి ఉన్నారు. ఇసుక ఈగ కుట్టిన చోట లేచే పుండు మీద పరిశోధన అది. ఆ ఈగ కంటికి ఆనదు, చప్పుడు చెయ్యదు. కుడుతూ కుడుతూ లీష్మానియా అనే పరాన్నజీవిని ఒంట్లోకి వదిలిపెట్టి తన దారిన తాను పోతుంది. పరాన్నజీవి అని పుస్తకాల మాట, ల్యాబులో అందరూ పురుగే అంటారు. ఎప్పుడో నెలల తర్వాత పుండు లేస్తుంది. లేచినది ఒక్కో ఒంటి మీద ఒక్కో వేషం వేస్తుంది. ఒకచోట కుష్టులా, ఒకచోట కాన్సరులా, ఇంకోచోట ఉత్త సెగ్గడ్డలా. మందు లేక కాదు, గుర్తుపట్టక జనం అవస్థపడతారు. వాళ్లు ఊళ్లలో పెట్టే వైద్య క్యాంపుకి నేనూ వస్తానని పట్టుబట్టి వెళ్లి, ఉక్కపోతకు ఆరుబయట మంచం వేయించుకుని పడుకున్న పెద్దావిడను ఆ ఈగ కుట్టి ఉండొచ్చని కోడలు మొదట్నుంచీ అంటూనే ఉంది.

ఆ ల్యాబులో పని రెండు చేతుల మీద నడుస్తుంది. కొడుకు, అప్పుడప్పుడు కుర్రడాక్టర్లు, పుండు గీకి, ఆ గుజ్జును గాజు స్లైడు మీద రాస్తారు. రంగు వేసి ఆరబెట్టాక కోడలు మైక్రోస్కోపు కింద చూస్తుంది. స్లైడు మీద పేరుండదు, అంకె ఒక్కటే ఉంటుంది. నమూనా తీసిన మనిషి దాన్ని చూడకూడదు, చూసే మనిషికి అది ఎవరిదో తెలియకూడదు. వాళ్ల రాజ్యాంగం అది. మనసులో ఒకటి పెట్టుకుని చూస్తే కంటికి అదే కనబడుతుందని దాని వెనక భయం. మొగుడూ పెళ్లాలు కాబట్టి ఇంటి దగ్గర స్లైడ్ల మాట ఎత్తకూడదని ఒట్టు కూడా వేసుకున్నారు. కోడలి కళ్ల పదును చూసి ల్యాబువాళ్లు డేగ అని పేరు పెట్టారు. ఎదురుగానే అనేవారు, ఆవిడా పలికేది.

పెద్దావిడ ముక్కు నుంచి సర్జన్ అప్పటికే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాడు. కాన్సరని గట్టిగా చెప్పలేం, కాదనీ చెప్పలేం అని రిపోర్టొచ్చింది. పురుగు పరీక్షలో ఏమీ లేదంటే ఇక కోసెయ్యడమే అన్నాడాయన. కోతంటే ఆషామాషీ కాదు. ముక్కు కొస పోతుంది, నుదుటి చర్మం తెచ్చి అతుకు వెయ్యాలి. "మన ఇంటి మనిషి నమూనా మనం చూడకూడదు, బయటికి పంపిస్తాను" అని కొడుకు, అదే మన డాక్టరు, భార్యతో అన్నాడు. ఏమీ లేదని తేలిందనీ, ఆపరేషన్‌కు రోజు కుదిరిందనీ ఆ తర్వాత చెప్పాడు.

ఆపరేషన్ రోజు పొద్దున్న వార్డు బయట వరండాలో ఇద్దరూ నిలబడి ఉన్నారు. లోపల పెద్దావిడ ఆస్పత్రి గౌను తొడుక్కుని, దానికి ముడులు వెనకవైపు ఎవడు పెట్టమన్నాడని సిస్టర్‌ను కడిగేస్తోంది. డేగ ఊరికే, మాట కలపడానికే అడిగింది.

"ఇంతకీ అత్తయ్య స్లైడు చూసిందెవరండీ?"

డాక్టరు కాస్త సిగ్గుగా నవ్వాడు. "ఇంకెవరు? నువ్వే."

"నేనా?"

"బయటికి పంపుదామనే అనుకున్నాను. నీ కళ్ల మీద ఉన్న నమ్మకం నాకింకెవరి మీదా లేదు. చెప్తే చూడవు కదా, అందుకని మన నంబర్లలో కలిపేశాను. నువ్వు లేదన్నావు. ఇక ఎవరు ఉందన్నా నేను నమ్మను."

ఎంత ప్రేమగా చెప్పాడంటే డేగకు కోప్పడాలని కూడా తోచలేదు. ఏ స్లైడుకు లేదని రాసిందో ఆమెకే గుర్తు లేదు. అక్కణ్నుంచి ఆమె కాలు ఒకచోట నిలవలేదు.

"నంబరు చెప్పండి."

"ఎందుకిప్పుడు?"

"చెప్పండి."

చెప్పాడు. మెట్లు దిగి, రెండు భవనాల మధ్య ఎండలో నడిచి, ల్యాబులోకి వెళ్లి పెట్టెలోంచి ఆ స్లైడు పైకి తీసేసరికి ఆమెకు చెమటలు పట్టాయి. మైక్రోస్కోపు కింద పెట్టి నూనె చుక్క వేసింది. చచ్చిన చర్మం పొరలు, చీము కణాలు, సూక్ష్మక్రిములు. ఎటు తిప్పినా అవే. పురుగు దాక్కునే పెద్ద కణం మచ్చుకొక్కటైనా లేదు. చేపలుండని నీళ్లలో వల వేసి, చేపలు లేవని రాసినట్టుంది తన పని.

అప్పుడు గుర్తొచ్చింది. ఈ స్లైడు తను చూసింది. చూసినప్పుడు అనుమానమూ వచ్చింది. అంకె మనిషిని దాచిపెడుతుంది గానీ రాసిన చేతి తీరును దాచలేదు. గుండ్రంగా, అంచు చెదరకుండా, నాణెమంత రాసే ఆ చెయ్యి ఎవరిదో ఆమెకు తెలుసు. ఆయన తీసిన నమూనా బాగుండక ఏమవుతుందిలే అనుకుని 'కనబడలేదు' అని రాసి పక్కన పెట్టేసింది. అదే ఏ కొత్త కుర్రడాక్టరో తీసి ఉంటే 'పనికిరాదు, మళ్లీ తియ్యండి' అని మొహాన కొట్టేది. దీపం కింద చీకటంటే ఇదే కాబోలు. డేగ అట, డేగ. తన్నుకుపోవాల్సింది ఈ కళ్లనే.

తిరిగి వార్డుకు పరుగులాంటి నడక. డాక్టరు ఇంకా వరండాలోనే ఉన్నాడు.

"ఏమండీ, ఎక్కడ గీకారు?"

"ఎక్కడేంటి? అంచునే."

"నా మొహం చూసి చెప్పండి."

ఆయన చూడలేదు. ఏటా కొత్త బ్యాచీకి ఈయన చెప్పే పాఠం ఒకటుంది. పుండు నడుమ చచ్చినవి ఉంటాయి, బతికున్నవి అంచున ఉంటాయి. అంచును రెండు వేళ్లతో రక్తం చుక్క రాకుండా నొక్కిపట్టి, బ్లేడుతో చిన్న గాటు పెట్టి, దాని లోపలి గోడ గీకాలి. రోగి అరుస్తాడు, అరవనీ. అంచు గీకలేనివాడు ఇంటికెళ్లి కొబ్బరి కోరుకోవచ్చు. ఈ మాటకు క్లాసంతా నవ్వేది.

"పక్కు దానంతటదే లేచొచ్చింది" అన్నాడు చివరికి. "కింద తడిగా కనబడింది. అక్కడే తీశాను. నొక్కబోతే అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. ఏమీ అన్లేదు, ఊరికే పట్టుకుంది. నా వల్ల కాలేదు."

డేగకు తిట్టాలనిపించింది, ఏడవాలనిపించింది, రెండిటికీ తీరిక లేదు. సర్జన్ దగ్గరకు వెళ్లింది. ఆయన చేతులు కడుక్కుంటూ మొత్తం విన్నాడు.

"అమ్మా, ఒక్క మాట అడుగుతాను. అనుమానం ఉండి ఆపమంటున్నావా, ఆశ కొద్దీ ఆపమంటున్నావా?"

"అనుమానమే సార్. ఆ స్లైడు చూసి ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం."

"ఇవాళ వదిలేస్తే నెల దాకా నేను మళ్లీ దొరకను. అది కాన్సరే అయితే ఆ నెలలో లోపలి మెత్తటి ఎముక దాకా పాకొచ్చు. ఆవిణ్ని చివరి కేసుగా పెడతాను. అప్పటిలోగా తేల్చుకు రా. తేలకపోతే కోస్తాను."

బ్లేడు, స్లైడ్లు, దూది పట్టుకుని డేగ అత్తగారి మంచం పక్కకు వచ్చింది. తలుపు దగ్గర డాక్టరు లోపలికీ బయటికీ కాకుండా ఆగిపోయాడు.

"ఇంకోసారి గీకాలి అత్తయ్యా."

"మావాడు చేశాడుగా?"

"చేశారు. సరిగ్గా రాలేదు."

"వాడు చేస్తే నొప్పే తెలియలేదు. ఎంత నేర్పుగా చేశాడనీ."

"అదే అత్తయ్యా వచ్చిన చిక్కు."

పెద్దావిడ కొడుకు వైపు చూసింది. కొడుకు నేల వైపు చూశాడు. లెక్కల టీచరు కదా, ఇక ఎవరూ ఏమీ విడమరచి చెప్పాల్సిన పని లేకపోయింది. "మరి మత్తిస్తావా?" అని మాత్రం అడిగింది.

"ముక్కు కొస మీద మత్తు సూదే బ్లేడు కంటే ఎక్కువ నొప్పి. పైగా ఆ నీళ్లు నమూనాలో కలుస్తాయి."

"అంటే పచ్చిగానే. నా మీద కోపం ఇన్నాళ్లూ పాపం దుత్తల మీద చూపించావు. ఇవాళ సరాసరి నా మీదే తీర్చుకుంటున్నావన్నమాట."

సిస్టర్ కిసుక్కున నవ్వింది. డేగ నవ్వలేకపోయింది. పుండు అంచు మీద బొటనవేలూ చూపుడువేలూ ఆనించి నొక్కింది. పెద్దావిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతే, డేగకు తెలియకుండానే వేళ్లు కాస్త సడలాయి. గాటు పెట్టేసరికి రక్తం బొటబొటా వచ్చింది. స్లైడంతా ఎర్రగా అయింది. అది దేనికీ పనికిరాదు.

ఆయన్ని అన్ని మాటలనుకున్న తను చేసిందేమిటి? డేగ గోడ గడియారం వంక చూసింది, వరండా వంక చూసింది, చేతిలో స్లైడు వంక చూసింది.

"ఏమైంది అమ్మాయ్?"

"రక్తం వచ్చేసింది అత్తయ్యా. తప్పు నాదే. గట్టిగా పట్టలేదు."

"తప్పు చేస్తే కొట్టేసి మళ్లీ చెయ్యాలి. దానికి ఆ మొహం ఎందుకు?"

క్లాసులో పిల్లల్ని అదిలించే గొంతు అది. ఈసారి డేగ పుండు రెండోవైపు పట్టుకుంది. చర్మం పాలిపోయి తెల్లబడేదాకా నొక్కింది. పెద్దావిడ గొంతులోంచి సన్నని మూలుగొకటి వచ్చింది, దుప్పటి అంచు పిడికిట్లో నలిగిపోయింది. డేగ వేళ్లు సడలనివ్వలేదు. గాటు పెట్టి, బ్లేడు పక్కకు తిప్పి, గోడ గీకింది. ఒకసారి, మళ్లీ ఒకసారి. బ్లేడు అంచున బూడిదరంగు గుజ్జు వచ్చింది, రక్తం చుక్క లేదు. తలుపు దగ్గర డాక్టరు అప్పటికే మొహం తిప్పేసుకున్నాడు.

ల్యాబులో స్లైడుకు రంగు పట్టేదాకా ఆగాలి. ఆ ఆగడమంత నరకం ఇంకోటి లేదు. డేగ కాలుకాలిన పిల్లిలా పంపు దగ్గరకూ కిటికీ దగ్గరకూ తిరిగింది. ఓ కొత్త అనుమానం అప్పుడే మొదలైంది. చూడాల్సింది ఎవరు? నమూనా తను తీసింది కాబట్టి తను చూడకూడదు. చూడగల మూడో మనిషి క్యాంపుకెళ్లి ఉన్నాడు. ఇక మిగిలింది ఆయనే.

"నా వల్ల కాదు" అన్నాడు డాక్టరు. "ఇప్పుడు నా కంటికి దుమ్ము కూడా పురుగులాగే కనబడుతుంది."

నిజమే. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగానే ఉంటుంది. రంగు నలక ఒకటి అడ్డుపడినా ఇదే అదేమో అనిపించే గండం అది. ఉందని పొరబడితే కాన్సరును నెలరోజులు ముక్కులో పెట్టుకుని పెంచినట్టు. లేదని పొరబడితే మనిషికి ముక్కే ఉండదు. డేగ అలమర తెరిచి పాత పెట్టెలోంచి వేరే స్లైడ్లు తీసింది. పురుగు ఉన్నదొకటి, లేనివి కొన్ని.

"వీటిలో కలుపుతాను. మీరు గోడవైపు తిరగండి. నేను పెట్టాక కళ్లు అద్దాల్లో పెట్టండి. ఏది ఎవరిదో మీకు తెలియదు. ఉన్నాయా లేవా, అంతే చెప్పండి."

ఆయన చిన్నపిల్లాడిలా గోడవైపు తిరిగాడు. మొదటిది పెట్టింది.

"లేవు" అన్నాడు కొంతసేపటికి. అది పాతదే, నిజంగానే ఏమీ లేనిది.

రెండోది పెట్టింది. అది అత్తయ్యది. డేగ ఊపిరి బిగబట్టింది. మామూలుగా ఊపిరి తీసుకోకపోతే ఆయనకు తెలిసిపోతుందేమోనని భయమేసి మళ్లీ తీసుకుంది.

"కదలకు, బల్ల ఊగుతోంది" అన్నాడాయన.

స్లైడును అటూ ఇటూ జరిపే మర చిన్నగా కిర్రుమంటోంది. అటు చివరకు వెళ్లాడు, ఇటు చివరకు వచ్చాడు. మధ్యలో ఒకచోట ఆగాడు. మళ్లీ కదిలాడు. డేగ ఆయన మెడ వెనక చూస్తూ నిలబడింది. ఏదో ఒకటి చెప్పండి, లేదనైనా చెప్పండి, నా ప్రాణం తియ్యకండి అని లోలోపల మొత్తుకుంది.

"తర్వాతది పెట్టు" అన్నాడు.

ఉందనలేదు, లేదనలేదు. అడగడానికి వీల్లేదు, అడిగితే తెలిసిపోతుంది. డేగ చేతులు స్లైడు మార్చాయి గానీ ఆమె మనసు ఆ తీసినదాని మీదే ఉండిపోయింది. ఈసారి పెట్టింది పురుగులున్న పాతది.

"ఉన్నాయి, బోలెడు" అన్నాడు వెంటనే. "ఇందాకటిది మళ్లీ పెట్టు."

ఫోను మోగింది. థియేటరు నుంచి సిస్టర్. ఇంకొక్క కేసే ఉందట, పెద్దావిణ్ని తీసుకురమ్మంటారా అంటోంది. "ఆగండి" అని పెట్టేసింది డేగ.

డాక్టరు మళ్లీ అద్దాల మీదికి వంగాడు. ఇందాక ఆగిన చోటే ఆగాడు. ఈసారి మర కిర్రుమనలేదు. వేళ్లు కొద్దికొద్దిగా తిప్పుతూ చూపు లోతుకీ పైకీ జరిపాడు.

"తక్కువే ఉన్నాయి" అన్నాడు. "పెద్ద కణం ఒకటి బాగా దొరికింది. దాని లోపల గుడ్డు ఆకారంలో ఉన్నాయి. బొట్టుంది. బొట్టు పక్కన చిన్న గీత కూడా ఉంది. బొట్టొక్కటే అయితే రంగు నలక అనుకునేవాణ్ని. రెండూ ఉన్నాయి. ఇది ఉన్న స్లైడే. ఎవరిది?"

డేగ మిగతా స్లైడ్లు పక్కకు తోసేసింది.

ఆయన అద్దాల్లోంచి తల ఎత్తి ఆమె మొహం చూశాడు. చూసి, బల్ల మీద రెండు చేతులూ పరిచి, వాటి మీద తల ఆనించుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. డేగ రాజ్యాంగాన్ని కాసేపు గూట్లో పెట్టి, ఆయన్ని పక్కకు నెట్టి తనూ చూసింది. బొట్టు. పక్కన గీత. ఇక చాలు. ఫోను తీసి థియేటరుకు చెప్పింది. సర్జన్ ఒక్క ప్రశ్న అడిగాడు, ఒక్క జవాబు విన్నాడు, పెద్దావిణ్ని వార్డులోనే ఉంచమన్నాడు.

వార్డులోకి వెళ్లేసరికి పెద్దావిడ మంచం మీద నిటారుగా కూర్చుని ఉంది. ముక్కు ఎర్రగా వాచి ఉంది. పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టనివ్వలేదని మండిపడుతోంది.

"కోత లేదమ్మా" అన్నాడు కొడుకు.

"పురుగే అత్తయ్యా" అంది డేగ. "మందుంది. తగ్గుతుంది."

పెద్దావిడ వేలి కొసతో ముక్కును ఒకసారి తడుముకుంది, ఉందో లేదో చూసుకున్నట్టు.

"మందంటే మాత్రలా?"

"సూదులు. పుండు చుట్టూ, ముక్కులోనే వెయ్యాలి. వారం వారం, అది ఎండేదాకా."

"నొప్పా?"

డేగ అబద్ధం చెప్పలేకపోయింది. "చాలా నొప్పి అత్తయ్యా."

"ఎవరేస్తారు?"

"నేనేస్తానమ్మా" అన్నాడు కొడుకు, ఓ అడుగు ముందుకేసి. "ఈసారి నేను..."

"నువ్వు నోరు మూసుకోరా" అంది పెద్దావిడ మెత్తగా. "నువ్వు నా కొడుకువి. నీ వల్ల కాదు. ఆ పిల్లనే వెయ్యనీ. దానికి నా మీద జాలి లేదు."

ఇన్నేళ్ల కాపురంలో అత్తగారు తనను మెచ్చుకోవడం డేగ అదే మొదటిసారి వినడం. "సరే అత్తయ్యా" అంది. చేతులు కడుక్కోవాలన్నట్టు మూలనున్న పంపు దగ్గరకు వెళ్లి, వాళ్లకు వీపు పెట్టి నిలబడింది. ఆ పాలిపోయిన చర్మం, ఆ మూలుగు, పిడికిట్లో నలిగిన దుప్పటి అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. వారం వారం మళ్లీ అదే చెయ్యాలి. పంపు పూర్తిగా తిప్పి, ఆ చప్పుడు చాటున ఏడ్చింది.

వెనకనుంచి పెద్దావిడ గొంతు వినిపించింది.

"నీళ్లు వృథా చెయ్యకు అమ్మాయ్. ఏడ్చేదేదో ఇటొచ్చి ఏడువు."